పెరిగెడు వస్తువు – ఒదిగెడు చట్రము

గృహోపకరణములను విక్రయించు వెబ్‌సైట్లలో నేడు పలుచోట్ల ఒక బట్టల బీరువా బొమ్మ కానవచ్చును. అది అచ్చువేసిన పటమువలె కదలక యుండునది కాదు. వ్రేలితో త్రిప్పిన తిరుగును, ప్రక్కనున్న స్లైడరును జరిపిన వెడల్పగును, ఎత్తగును, అరలను పెంచుకొనును. తన పడకగది గోడకు సరిపోవు కొలతను వెదకికొనుచు కొనుగోలుదారుడు మీటరు వెడల్పుగల బీరువాను మూడు మీటర్లకు పెంచినాడనుకొందము. చూచెడు కెమెరా ఉన్నచోటనే నిలిచియున్నచో బీరువా ఇరుప్రక్కలును తెర అంచులను దాటిపోయి, నడుమనున్న తలుపులు మాత్రమే మిగులును. కెమెరా తగినంత వెనుకకు జరిగినచో బీరువా యావత్తును తెరపై నిలుచును. రెండవదియే మేలని ఎవ్వరికైనను తోచును. ప్రోగ్రాము రచయితలలో పెక్కుమంది అంతటితో తమ పని ముగిసినదని తలంతురు. కాని ఆ రెండవ మార్గమందు ఒక సూక్ష్మమైన లోపము దాగియున్నది. దానిని గుర్తించుటకు కొంత జ్యామితిని, తరువాత కొంత మనుష్యనేత్ర స్వభావమును తెలిసికొనవలెను.

ఇచ్చట కెమెరా యనగా కటకములును ఫిలిమును గల యంత్రము కాదు. శూన్యమందొక బిందువు, ఆ బిందువునుండి చూపు సాగెడు దిక్కు, ఆ దిక్కు చుట్టును విప్పారిన కోణము, ఈ మూడింటి కలయికయే కెమెరా. ఇటలీ దేశపు విద్వాంసుడు లియోన్ బత్తిస్తా అల్బెర్తి 1435లో చిత్రకళను గూర్చి వ్రాసిన గ్రంథమందు, కన్ను శిఖరముగా గల దృష్టికిరణముల పిరమిడును ఒక తలముతో ఖండించినచో ఆ ఖండనమే చిత్రమగునని నిరూపించెను. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ యందు లారెన్స్ రాబర్ట్స్ ఆ ఖండనమును మాత్రికా గుణకారముగా మార్చి కంప్యూటరుచే చేయించెను. బ్రౌజరులోనికి ఈ విద్య ప్రవేశించుటకు మరి నలువది యేండ్లకు పైగా పట్టినది. మొజిల్లా సంస్థలో వ్లాదిమిర్ వుకిచెవిచ్ 2006లో చూపిన ప్రయోగమునుండి మొలకెత్తిన యత్నము, 2011 మార్చి నెలలో క్రోనోస్ సంఘము ప్రకటించిన వెబ్‌జీఎల్ ప్రమాణముగా పరిణమించెను. రికార్డో కాబెల్లో 2010లో అందరికిని ఉచితముగా నందించిన త్రీ.జేఎస్ అను ప్రోగ్రాముల భాండారము ఆ ప్రమాణపు కాఠిన్యమును కప్పిపుచ్చి, సామాన్య ప్రోగ్రామరు సైతము నాలుగైదు పంక్తులతో కెమెరాను నిలుపగల స్థితిని కల్పించెను.

త్రీ.జేఎస్ లోని కెమెరాకు వేరుగా నేమియు చెప్పనిచో దాని దృష్టికోణము 50 డిగ్రీలు. ఆ కోణము నిలువుదిశలో కొలిచినది. ఈ చిన్న విషయమును మరచుటవలన కలుగు చిక్కును కొంచెము సేపటిలో చూతము. చూపు రేఖకు పైన 25 డిగ్రీలు, క్రింద 25 డిగ్రీలు కనబడునన్నమాట. 25 డిగ్రీల టాంజెంటు విలువ 0.466. కావున రెండు మీటర్ల ఎత్తుగల బీరువా తెర నిండుగ కనబడవలెనన్న, దాని సగము ఎత్తైన ఒక మీటరును 0.466 చే భాగింపగా వచ్చిన 2.14 మీటర్ల దూరమున కెమెరా నిలువవలెను. పాఠశాలలో దేవాలయ శిఖరపు ఎత్తును కొలుచుటకు నేర్చిన త్రికోణమితియే ఇది. అచ్చట దూరము తెలియును, ఎత్తు కావలెను, ఇచ్చట ఎత్తు తెలియును, దూరము కావలెను.

అయితే ఆ 2.14 మీటర్లు బీరువా ముఖతలమునుండి కొలువవలసినవి. కెమెరా గురిపెట్టునది సాధారణముగా వస్తువు కేంద్రమునకు గనుక, 60 సెంటీమీటర్ల లోతుగల బీరువాకు అందులో సగమైన 0.3 మీటరును కలిపి 2.44 మీటర్లని నిర్ణయింపవలెను. లోతును విస్మరించినచో, మనకు చేరువగా నున్న ముఖతలపు పై అంచు చట్రమునకు వెలుపల పడును. పలుచని వస్తువుల యెడల ఈ దోషము కానరాదు. సోఫాను పెద్దదిగా చేసినప్పుడు బయటపడును.

ఇక నిలువు కోణపు చిక్కు. తెర వెడల్పునకును ఎత్తునకును గల నిష్పత్తినిబట్టి అడ్డపు దృష్టికోణము మారును. బల్లమీది కంప్యూటరు తెర 16:9 నిష్పత్తిలో నున్నచో అడ్డపు కోణము 79 డిగ్రీలకు విస్తరించును. అదే పుటను అదే నిష్పత్తి తెరగల సెల్‌ఫోనుపై నిలువుగా చూచినచో 29 డిగ్రీలకు కుంచించుకొనిపోవును. మూడు మీటర్ల వెడల్పుగల మన బీరువా కంప్యూటరు తెరపై పట్టుటకు 1.81 మీటర్ల దూరము చాలును; అందుచే ఎత్తు కోరెడు 2.14 మీటర్లే నిర్ణాయకము. ఫోనుపై ఆ వెడల్పునకే 5.72 మీటర్లు కావలసివచ్చును. ఎత్తును మాత్రమే లెక్కించు ప్రోగ్రాము రచయిత బల్లపై చక్కగా పనిచేసినదని సంతోషించుచుండగా, బస్సులో కూర్చుండి ఫోనుపై చూచెడు వానికి బీరువా నడుము మాత్రమే దర్శనమగును. రెండు దూరములను వేర్వేరుగా కట్టి అధికమైన దానిని గ్రహించుట ఒక్కటే మార్గము. ఫోనును అడ్డముగా త్రిప్పినను, కిటికీని సాగదీసినను ఈ లెక్కను తిరిగి చేయవలెను. వస్తువు పెరుగుటయు చట్రము తరుగుటయు కెమెరా దృష్టిలో ఒకే సంఘటన.

ఇంతవరకు కెమెరా బీరువాకు సూటిగా ఎదుట నిలిచియున్నదనుకొంటిమి. వాడుకరి దానిని వ్రేలితో త్రిప్పి మూలనుండి చూచుచున్నచో లెక్క క్లిష్టమగును. సులభోపాయమేమనగా వస్తువును చుట్టి ఒక గోళమును ఊహించి ఆ గోళము చట్రములో పట్టునట్లు చూచుట; గోళము ఏ దిక్కునుండి చూచినను గోళమే గనుక ఎంత త్రిప్పినను అంచు తెగదు. బిందువులను చుట్టు అత్యల్ప వృత్తమును కనుగొనుమని 1857లో సిల్వెస్టర్ అను ఆంగ్ల గణితవేత్త వేసిన ప్రశ్నకు ఇది మూడు దిశల లోనికి పెరిగిన రూపము. కాని పొడవైన వస్తువులకు గోళము దుబారా. మన బీరువాను చుట్టు గోళపు వ్యాసార్ధము 1.83 మీటర్లు, అది కంప్యూటరు తెరపై పట్టవలెనన్న కెమెరా 4.32 మీటర్ల దూరము పోవలెను, అప్పుడు బీరువా తెర ఎత్తులో సగమునకు కొంచెము మించి మాత్రమే ఆక్రమించును. ఇంతకంటె నిర్దుష్టమైన పద్ధతి యొకటి కలదు. బీరువాను చుట్టిన దీర్ఘఘనపు ఎనిమిది మూలలను ఒక్కొక్కటిగా తీసికొని, కెమెరా దృష్టిలో ఆ మూల చూపు రేఖకు ఎంత ప్రక్కగా, ఎంత పైగా, కేంద్రముకంటె ఎంత ముందుగా నున్నదో కనుగొని, ఆ మూల కనబడుటకు కావలసిన దూరమును అడ్డమునకును నిలువునకును వేర్వేరుగా కట్టినచో పదునారు సంఖ్యలు వచ్చును. వానిలో పెద్దదే సమాధానము. కంప్యూటరుకు ఇది కనురెప్పపాటు పని కూడ కాదు. గోళముతో సరిపెట్టుకొనుటకు సోమరితనము తప్ప వేరు హేతువు నాకు తోచదు, వస్తువు నిరంతరము తనంతట తాను తిరుగుచున్నప్పుడు తప్ప.

మరియొక సంగతి తరచు ఉపేక్షకు గురియగుచున్నది. బీరువా నేలపై నిలిచియుండును. ఎత్తు పెంచినప్పుడు అది పైకే పెరుగును గాని నేలలోనికి దిగదు. కావున రెండు మీటర్ల బీరువా రెండున్నర మీటర్లయినప్పుడు దాని కేంద్రము పావు మీటరు పైకి పోవును, కెమెరా గురిపెట్టు బిందువును అంతే ఎత్తవలెను. ఈ సవరణ చేయని చిత్రములలో బీరువా పాదములక్రింద నిష్ప్రయోజనమైన ఖాళీ మిగిలి, శిరస్సు మాత్రము తెగియుండును.

కెమెరాను జరుపక దృష్టికోణమునే పెంచరాదా అని కొందరడుగుదురు. పెంచవచ్చును, వస్తువు చట్రములో పట్టును కూడ. కాని కోణము విశాలమైనకొలది చేరువభాగములు ఉబ్బి, దూరభాగములు ముడుచుకొని, తిన్నని మూలలు వాడిగా సాగి కనబడును. హిచ్‌కాక్ 1958లో తీసిన వెర్టిగో చిత్రమందు, కెమెరా స్థానమును కటకపు కోణమును ఒకేసారి ఎదురుదిశలలో మార్చి, మెట్లదారి క్రిందికి సాగిపోవుచున్నట్లు ప్రేక్షకుని తల తిరుగునట్లు చేసిరి. అచ్చట అది కథకు కావలసిన భ్రాంతి. గోడకు సరిపోవు బీరువాను ఎంచుకొనువానికి ఆకారము నమ్మకముగా నుండవలెను గనుక కోణమును కదల్పక దూరమునే మార్చుట యుక్తము.

ఇప్పుడు మొదట సూచించిన లోపమును విచారింతము. జ్యామితి యంతయు తప్పులేకుండ పాటించిన ప్రోగ్రాములో స్లైడరును జరుపుము. బీరువా రెండింతలైనది, కెమెరా రెండింతల దూరము పోయినది, తెరపై బొమ్మ మునుపటి పరిమాణముననే యున్నది. వాడుకరి దేనిని చూడగోరి స్లైడరును జరిపెనో ఆ పెరుగుదలయే మాయమైనది. వెడల్పు మాత్రమే పెరిగినచో ఆకారము సాగినట్లయినను కనబడును. మూడు కొలతలును కలిసి పెరిగినచో, ఉదాహరణకు ఒక పూలకుండీనో విగ్రహమునో చిన్నది, నడిమిది, పెద్దది అని మార్చి చూచునప్పుడు, మూడు బొమ్మలును అచ్చముగ ఒకటియే. పరిపూర్ణమైన చట్రబంధనము పెరుగుదలను మ్రింగివేయును. నా అభిప్రాయమున ఈ శాస్త్రమందలి ముఖ్యసమస్య ఇదియే. తక్కినవన్నియు గణితపు పుస్తకము తీర్చగలిగిన సమస్యలు.

లోకమందు మన కంటికి ఈ కష్టము లేదేల? దూరముగా పోవుచున్న ఎడ్లబండి నేత్రపటలముపై చిన్నదగుచున్నను బండి కుంచించుకొనిపోయినదని మనమనుకొనము. ఫ్రెంచి తత్త్వవేత్త దెకార్త్ 1637లోనే, మనస్సు దూరమును ఎరిగి దానినిబట్టి పరిమాణమును అంచనా వేయునని గ్రహించెను. ఆ ఎరుకకు ఆధారములు తీసివేసినచో ఏమగునో 1941లో హాల్వే, బోరింగ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. పొడవైన నడవలో పది అడుగులనుండి నూట ఇరువది అడుగుల వరకు వివిధ దూరములలో, అన్నియు కంటివద్ద ఒక డిగ్రీ కోణమునే చేయునట్లు వేర్వేరు పరిమాణముల వెలుగు బిళ్లలను నిలిపి, వాని పరిమాణమును సరిపోల్చుమనిరి. రెండు కన్నులతో స్వేచ్ఛగా చూచినవారు బిళ్లల నిజపరిమాణమును ఇంచుమించుగ గుర్తించిరి. ఒక కన్ను మూసి, సన్నని రంధ్రముగుండ చూచి, తుదకు నల్లని గుడ్డ సొరంగముచే నడవ ప్రతిబింబములను సైతము మరుగుపరచినకొలది, వారి అంచనా కోణమునకే లోబడుచు వచ్చెను. దూరమును తెలుపు గుర్తులు పోయిన కంటికి కోణము తప్ప వేరు కొలత లేదు.

విక్రేతల వెబ్‌సైట్లలోని తెల్లని వెనుతలమును ఈ ప్రయోగపు వెలుగులో చూడవలెను. నేల లేదు, గోడ లేదు, నీడ లేదు. శుభ్రత పేరిట ఆధారములన్నియు తుడిచివేయబడినవి. హాల్వే, బోరింగ్‌లు నల్లని గుడ్డతో సాధించిన దానిని మనము తెల్లని రంగుతో సాధించుచున్నాము.

పెరిగెడు వస్తువును నిలకడగల చట్రమందు చూపుట ఎట్లో తెలుగువారికి పోతన భాగవతము అష్టమస్కంధమందు చూపియున్నాడు. వామనుడు బ్రహ్మాండమును నింపుచు పెరుగు ఘట్టమున కవి పెరుగుదలకు అడుగులు గజములు చెప్పలేదు. సూర్యబింబమును స్థిరముగా నిలిపి, అది మొదట వటువునకు గొడుగువలె, పిమ్మట తలపై మణివలె, చెవికి అలంకారమువలె, మెడలో నగవలె, భుజమున దండకడియమువలె, ముంజేతి కంకణమువలె, మొలపై గంటవలె, కాలి అందెవలె, తుట్టతుదకు పాదపీఠమువలె నగుపించినదని వరుసగా చెప్పెను. కదలని సూర్యుడు ఆధారము. ఆ ఆధారముతో సంబంధము మారుటయే వృద్ధి. దృశ్యకల్పన చేయు ఇంజనీరు దీనికంటె గొప్ప పాఠమును ఏ సాంకేతిక గ్రంథమందును పొందజాలడు.

అందుచేత బీరువా ప్రక్కన మారని పరిమాణముగల వస్తువు నొకదానిని నిలుపవలెను. కుర్చీ కావచ్చును, తలుపు కావచ్చును, మనిషి ఛాయారూపము కావచ్చును. చదరపు పలకలు పరచిన నేల మాత్రమైనను చాలును. కెమెరా వెనుకకు జరిగినప్పుడు బీరువా బొమ్మ మారకున్నను కుర్చీ చిన్నదగును, పలకలు దట్టమగును. కంటికి కావలసిన సాక్ష్యము దొరకును. కొలతగీతలును అంకెలును మేలే గాని అవి చదువవలసినవి. కుర్చీ చూడగనే తెలియునది.

రెండవ ఉపాయము గణితమందున్నది. దూరమును వస్తువు పరిమాణముతో సమానముగ పెంచినచో బొమ్మ మారదు. అసలే పెంచనిచో చట్రము దాటును. ఈ రెండింటికిని నడుమ, పరిమాణపు వర్గమూలముతో పెంచవచ్చును. వస్తువు నాలుగింతలైనప్పుడు కెమెరా రెండింతల దూరమే పోవును, బొమ్మ రెండింతలగును. స్లైడరు హద్దులు ముందే తెలియును గనుక, మూడు మీటర్ల గరిష్ఠపు వెడల్పు తెరలో నూటికి తొంబదిపాళ్లు ఆక్రమించునట్లు మొదట నిర్ణయించినచో, మీటరు వెడల్పుగల కనిష్ఠపు బీరువా సుమారు యేబదిరెండు పాళ్లు ఆక్రమించును. చిన్నది చిన్నదిగాను పెద్దది పెద్దదిగాను కనబడును, రెండును చట్రమందే యుండును. వర్గమూలమే యేలనని అడుగవచ్చును. అందు దైవనిర్ణయ మేమియు లేదు. స్లైడరు హద్దుల నడుమ అంతరము పదిరెట్లయినచో వేరొక ఘాతమును ఎంచుకొనవలసివచ్చును, ఆ ఎంపిక రచయిత కంటిపై ఆధారపడును.

కెమెరా ఎప్పుడు కదలవలెనన్నది మరియొక ప్రశ్న. స్లైడరు బొమ్మకు వెలుపల నున్నచో వస్తువుతో పాటు కెమెరా కదలవచ్చును. కాని కొన్ని దృశ్యములందు వస్తువు అంచుననే ఒక పిడి అమర్చబడి, దానిని వ్రేలితో పట్టి లాగిన వస్తువు సాగును. అప్పుడు లాగుచుండగనే కెమెరా వెనుకకు జరిగినచో విచిత్రము సంభవించును. వ్రేలు కుడికి పోవును, బీరువా పెరుగును, కెమెరా వెనుకకు తగ్గును, తెరపై పిడి ఎడమకు, అనగా వ్రేలిక్రిందనుండి లోపలికి జారిపోవును. దానిని అందుకొనవలెనని ప్రోగ్రాము బీరువాను ఇంకను పెంచును, కెమెరా ఇంకను తగ్గును. చేయియు చిత్రమును ఒకదానినొకటి తరుముకొను ఈ వలయమును తెంచుటకు, వ్రేలు తెరపై నున్నంతసేపు కెమెరాను స్తంభింపజేసి, వ్రేలు ఎత్తిన పిమ్మటనే చట్రమును సవరింపవలెను. అట్లే ప్రతి అల్పమైన మార్పునకును కెమెరా కదలరాదు. బొమ్మ తెరలో తొంబదియైదుపాళ్లు దాటినప్పుడే తగ్గుట, నలువదిపాళ్లకు దిగినప్పుడే దగ్గరకు వచ్చుట అను రెండు హద్దులు పెట్టినచో నడుమ శాంతి యుండును.

వాడుకరి తానే ఒక కోణమును ఎంచుకొని చూచుచున్నచో ఆ దిక్కును చెరుపు హక్కు ప్రోగ్రామునకు లేదు. గురిబిందువునుండి కెమెరాకు గల రేఖ దిక్కును అట్లేయుంచి దాని పొడవును మాత్రమే మార్చవలెను. తాళపు పనితనమును పరిశీలించుటకు అతడు దగ్గరకు పోయియున్నచో అదియును చేయరాదు. అతనికి ఆ క్షణమున బీరువా మొత్తము అక్కరలేదు. పూర్తిగ చూడగోరినప్పుడు నొక్కుటకు ఒక బటను మూలనుంచిన చాలును.

దూరము మారినప్పుడు కంటికి కనబడని మరియొక కొలతయు మారవలెను. కెమెరాకు సమీప పరిధి, దూర పరిధి అని రెండు హద్దులుండును, త్రీ.జేఎస్ లో అవి ఆరంభమున 0.1, 2000. ఏ వస్తువు ముందున్నదో ఏది వెనుకనున్నదో నిర్ణయించు లోతు పట్టిక సూక్ష్మత ఈ రెండింటి నడుమ సమముగ పంచబడదు. సమీప హద్దునుండి దానికి రెండింతల దూరము వరకు, అనగా 0.1 నుండి 0.2 వరకు గల స్వల్పస్థలమే దాదాపు సగము సూక్ష్మతను హరించును. ఆరు మీటర్ల దూరమునుండి చూచునప్పుడు ఆ స్థలమున ఏమియు లేదు. కావున కెమెరా వెనుకకు పోయినప్పుడు సమీప హద్దును గూడ ముందుకు జరుపవలెను. లేనిచో తలుపును దానిమీది పలుచని పట్టీయు ఏది ముందో తేలక, త్రిప్పినప్పుడెల్ల మచ్చలు మచ్చలుగ మినుకుమినుకుమనును.

ఇక కదలిక. కెమెరా ఒకచోటనుండి మరియొకచోటికి ఒక్క ఉరుకున దూకినచో చూపరి దిక్కు మరచును, మెల్లగ పోవలెను. మిగిలిన దూరములో పదవవంతును ప్రతి చిత్రమునకు దాటుమనుట సామాన్యమైన ఉపాయము. సెకనుకు అరువది చిత్రములు చూపు తెరపై పావు సెకనులో అయిదవవంతు దూరము మిగులును. నూట ఇరువది చూపు తెరపై అంత సమయములోనే ఇరువదియైదింట ఒకవంతునకు దిగిపోవును. ఒకే ప్రోగ్రాము ఒకరి ఫోనులో నెమ్మదిగను మరియొకరి ఫోనులో తొందరగను కదలుటకు ఇదియే కారణము. చిత్రములను గాక గడచిన కాలమును లెక్కించి ఘాతాంక క్షయ సూత్రమును వాడినచో ఆ తేడా పోవును. దూరమును కూడిక లెక్కనగాక గుణకారపు లెక్కన మార్చవలెను. రెండు మీటర్లనుండి ముప్పదిరెండు మీటర్లకు పోవునప్పుడు కంటికి నడిమజిలీ పదునేడు కాదు, ఎనిమిది. ఏలయన రెండునుండి నాలుగునకు పోవుట బొమ్మను సగము చేయును, ముప్పదినుండి ముప్పదిరెండునకు పోవుట కంటికి ఆనదు. చూపును ఒకేసారి జరుపుచు దూరమును మార్చవలసివచ్చినప్పుడు ఏ మార్గము కంటికి మిక్కిలి సుగమమో నెదర్లండ్స్ దేశపు పరిశోధకులు వాన్ వైక్, నౌయ్ 2003లో గణితముగ సాధించిరి. పటములపై ఒక నగరమునుండి వేరొక నగరమునకు పోవునప్పుడు చూపు మొదట పైకి లేచి పిమ్మట దిగుట ఆ మార్గపు లక్షణమే.

అంతయు చక్కగ కూర్చినను కొందరికి తెరపై కదలిక తలతిప్పును, వికారమును పుట్టించును. చెవిలోపలి సమతౌల్యేంద్రియమునకు వ్యాధి గలవారికి ఇది బాధాకరము. అట్టివారు తమ ఫోనులో కదలికను తగ్గింపుమని ఒకసారి ఏర్పాటు చేసికొనియుందురు, బ్రౌజరు ఆ కోరికను వెబ్‌సైటునకు తెలుపును. దానిని అడిగి తెలిసికొనుట ప్రోగ్రామరుకు ఒక్క పంక్తి పని. కోరినవారికి కెమెరా నడువరాదు. స్లైడరు విడిచిన క్షణముననే క్రొత్త స్థానమున నిలువవలెను. ప్రక్కనున్న కుర్చీ చిన్నదై కనబడుటచే బీరువా ఎంత పెరిగినదో వారికిని తెలియును.